వైజాగ్ ఉక్కపోతలో కుక్క గోక్కుంటోందా? మందు కొనేముందు ఎక్కడ గోక్కుంటోందో చూడండి

కుక్క గోక్కుంటోంది అనగానే అందరూ అడిగేది ఒకటే, ఏ షాంపూ వాడాలి అని. పొద్దున్న బీచ్ రోడ్డు మీద వాకింగ్‌లో కలిసినాయన వేపనూనె అంటాడు, పెట్ షాప్ అబ్బాయి ఏదో స్ప్రే చేతిలో పెట్టి ఆరొందలంటాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మేన్ అయితే "ఇంజన్ ఆయిల్ రాసేయండి సార్, రెండ్రోజుల్లో పోద్ది" అని భరోసా ఇచ్చేస్తాడు. అసలది ఒంటి మీద ఎక్కడ గోక్కుంటోంది అని మాత్రం ఎవరూ అడగరు. చర్మం డాక్టర్లు సగం లెక్క అక్కడే తేల్చేస్తారు, ఎందుకంటే ఒక్కో కారణానికీ ఒంటి మీద ఒక్కో చోటు ఇష్టం. అది చూడకుండా కొన్న షాంపూలన్నీ బాత్రూమ్ అలమరలో వరసగా నిలబడతాయి తప్ప దురద తగ్గదు.

అందుకని ముందు ఒక పూట దానికోసం కేటాయించండి. పొద్దున్న వెలుతురు బాగున్నప్పుడు డాబా మీదో బాల్కనీలోనో పాత తెల్ల దుప్పటి పరిచి కుక్కని పడుకోబెట్టండి, చేతిలో పేల దువ్వెన, పక్కన తడి దూది. తోక మొదలయ్యే చోట, నడుం మీద, తొడల వెనకాల బొచ్చుని ఎదురు దువ్వండి. మిరియాల పొడిలాగా నల్లటి నలుసులు దుప్పటి మీద రాలాయనుకోండి, అది మట్టా ఇంకోటా అని కంటితో తేల్చలేం. ఆ నలుసుల్ని తడి దూది మీద వేసి వేలితో నొక్కి ఒక్క నిమిషం ఆగండి. మట్టయితే మట్టి రంగులోనే ఉండిపోతుంది, చుట్టూ తుప్పు రంగులో ఎర్రటి మరక పాకిందంటే అది ఫ్లీ (బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగు) రెట్ట, అంటే మీ కుక్క రక్తమే ఆ పురుగు కడుపులో అరిగి బయటికొచ్చిందన్నమాట. పురుగు ఒక్కటి కూడా కనపడక్కర్లేదు, ఆ మరక చాలు సాక్ష్యానికి.

తర్వాత గోమార్లు. చెవుల లోపలి మడతలు, చెవి వెనకాల, మెడ పట్టీ కింద, వేళ్ళ మధ్య, చంకల్లో, తోక కింద, ఇవన్నీ వేలితో తడిమి చూడాలి, కంటికి కనపడని చిన్నవి వేలికి గింజలా తగులుతాయి. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనుకుని తల దగ్గర పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగరబత్తితో కాల్చడం వద్దు, అలా చేస్తే అది చచ్చేలోపు కడుపులో ఉన్నదంతా కుక్క రక్తంలోకి కక్కేసే ప్రమాదం ఉంది. తీసిన వాటిని గోటితో చిదమకుండా స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేసేయండి.

ఇక ఎక్కడ గోక్కుంటోంది అన్న లెక్క. నడుము, తోక మొదలు, తొడల వెనక కొరుక్కుంటుంటే మొదటి అనుమానం ఫ్లీస్ మీదే, వేరే ఆలోచన అక్కర్లేదు. చెవుల అంచులు, మోచేతులు, వెనక కాళ్ళ మడమలు, పొట్ట కింద బొచ్చు ఊడి పొక్కు కట్టి రాత్రీపగలూ నిద్రపోకుండా గోక్కుంటుంటే గజ్జి. పాదాలు అదే పనిగా నాకడం, మొహాన్ని సోఫాకేసి రుద్దడం, చంకలు, పొట్ట ఎర్రబడడం, చెవులు మాటిమాటికీ పాడవడం, ఇదంతా ఎలర్జీ వరస. మెడ కింద, చంకల్లో, వేళ్ళ మధ్య జిడ్డుగా, నల్లగా, పుల్లటి కంపు కొడుతుంటే ఈస్ట్, అంటే చర్మం మీద పెరిగే ఒక రకం ఫంగస్. గుండ్రంగా బొచ్చు ఊడిపోయి పెద్దగా దురద లేకపోతే తామర అయ్యుండొచ్చు, ఇంట్లో పిల్లలుంటే దీన్ని అశ్రద్ధ చేయకండి, వాళ్ళకీ అంటుకుంటుంది. పిర్రలు నేలకేసి ఈడుస్తుంటే అది చర్మం జబ్బే కాకపోవచ్చు, మలద్వారం పక్కనుండే గ్రంథులు నిండిపోయి ఉండొచ్చు లేదా నులిపురుగులు కావచ్చు, పడుకున్న చోట బియ్యం గింజంత తెల్ల ముక్కలు కనపడితే బద్దెపురుగే, అది కూడా ఫ్లీని మింగడం వల్లే వస్తుంది, మళ్ళీ కథ అక్కడికే వచ్చింది చూశారా.

ఇవి కాక ఇంకొన్ని విషయాలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. కుక్క వయసెంతున్నప్పుడు మొదలైంది, ఏ నెలలో ఎక్కువ, ఇంట్లో ఇంకో కుక్క గానీ పిల్లి గానీ గోక్కుంటోందా, ఇంట్లో మనుషులకి నడుం దగ్గర, చేతుల మీద దురద పొక్కులు వచ్చాయా, ముందు దురద వచ్చి తర్వాత బొచ్చు ఊడిందా, బొచ్చు ఊడాక దురద మొదలైందా. చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ డాక్టర్ తప్పకుండా అడుగుతాడు, మనం అప్పుడు నీళ్ళు నములుతాం. రోజూ రాత్రి దురదకి 0 నుంచి 10 లోపు ఒక మార్కు కూడా వేయండి, మందు పనిచేస్తోందో లేదో "కొంచెం తగ్గినట్టే ఉంది" అనే మాట కంటే ఆ మార్కులే సరిగ్గా చెప్తాయి.

మన ఊరికి ప్రత్యేకంగా ఉన్న గొడవ

చలి దేశాల వాళ్ళు రాసింది చదివి చలికాలం ఫ్లీ మందు మానేయొచ్చు అనుకునేవాళ్ళున్నారు. వైజాగ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఫ్లీ గుడ్లూ పిల్లలూ బాగా పొడిగా ఉన్న గాలిలో ఎండి చచ్చిపోతాయి, గాలిలో తేమ సగానికి పైన ఉంటే హాయిగా పెరుగుతాయి, మనకి ఏడాది పొడుగునా సముద్రం గాలే కదా, మేలో ఉక్కపోత, జూన్ నుంచి వానలు, అక్టోబర్ నవంబర్‌లో తుఫాన్లు, మధ్యలో అవి ఎండిపోయే టైమే దొరకదు. ఒక్క ఆడ ఫ్లీ రోజుకి 40, 50 గుడ్లు దాకా పెడుతుంది, ఆ గుడ్లు బొచ్చులో నిలవవు, కుక్క పడుకున్న చోట, సోఫా సందుల్లో, కార్ సీటు మీద రాలిపోతాయి. అంటే కుక్క మీద మీరు చూసే పురుగులు మొత్తం సైన్యంలో పిసరంత, మిగతావన్నీ ఇంట్లోనే ఉన్నాయి. గోమార్లదీ అదే తీరు, మన కుక్కల మీదుండే గోధుమరంగు గోమారి ఇంటి లోపల గోడ పగుళ్ళల్లో, తలుపు చట్రాల వెనక వేల గుడ్లు పెట్టి బతికేస్తుంది, పాత ఇళ్ళల్లో గోడ మీద పాకుతూ కనపడేవి అవే.

కాబట్టి మొదటి మెట్టు ఇది: చోటు ఏదైనా సరే, అనుమానం దేని మీదున్నా సరే, ముందు పురుగుల సంగతి పూర్తిగా తేల్చేయాలి. "మా కుక్కకి ఫ్లీస్ లేవండీ, నేను చూశాను" అనే మాట నేను అసలు నమ్మను. ఫ్లీ ఉమ్ముకి ఎలర్జీ ఉన్న కుక్కకి నాలుగు కాట్లు చాలు, వారాల తరబడి గోక్కుంటుంది, ఆ గోక్కోవడంలో, నాక్కోవడంలో పురుగుని అదే మింగేస్తుంది, ఇంక మీకేం కనపడుతుంది?

మందుల్లో ఇప్పుడు నోటి ద్వారా ఇచ్చే నమిలే మాత్రలు బాగా పనిచేస్తున్నాయి, అఫాక్సోలనర్ ఉన్న నెక్స్‌గార్డ్ నెలకొకటి, ఫ్లూరలనర్ ఉన్న బ్రావెక్టో సుమారు 12 వారాలకొకటి. ఇవి ఫ్లీస్‌నీ గోమార్లనీ చంపుతాయి, గజ్జి పురుగు మీద కూడా పనిచేస్తాయి, ఒకే దెబ్బకి మూడు అనుమానాలు తీరతాయి కాబట్టే చాలామంది వెట్‌లు ముందు వీటితోనే మొదలుపెడతారు. బరువుని బట్టి ప్యాక్ ఉంటుంది, పెద్ద కుక్క మాత్ర కొని సగం విరిచి చిన్నదానికి పెట్టే తెలివితేటలు వద్దు, మందు మాత్ర అంతటా సమానంగా ఉంటుందని నమ్మకం లేదు. ఫిట్స్ వచ్చే కుక్కకి ఈ రకం మాత్రలు డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకూడదు. ధర ఎక్కువనిపిస్తే మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కలున్నాయి, అవి వేయడానికి రెండ్రోజుల ముందు, వేశాక రెండ్రోజులు స్నానం చేయించకూడదు, మనవాళ్ళు చుక్కలు వేసిన సాయంత్రమే షాంపూతో రుద్ది మందు పనిచేయలేదంటారు.

ప్రాణం మీదకి తెచ్చేవి రెండు ఉన్నాయి, ఇక్కడే చెప్పేస్తా. పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి విషం, ఇంట్లో పిల్లి ఉంటే ఆ మందు గుమ్మం లోపలికే రానీయకండి. రెండోది ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు, కాలీ, షెల్టీ లాంటి జాతులకి అది మెదడులోకి ఎక్కి పడిపోతాయి, పశువుల మందుల షాపులో గేదెలకిచ్చే ఇంజెక్షన్ సీసా తెచ్చి ఎవరో చెప్పిన లెక్కన కుక్కకి పొడిచేసే వాళ్ళని చూస్తే నాకు భయం. గోమార్లకీ గజ్జికీ వాడే అమిట్రాజ్ మందు నీళ్ళల్లో కలిపి ఒంటికి పోయడం కూడా డాక్టర్ చెప్పిన కొలతకే, చేతికి గ్లౌజులతో, గాలి ఆడే చోట.

కుక్కకి మందేస్తే సగం పనే అయింది. ఇంట్లో ఉన్న కుక్కలకీ పిల్లులకీ అన్నిటికీ ఒకేసారి వాటివాటి మందు పడాలి. కుక్క దుప్పటి, సోఫా కవర్లు వేడినీళ్ళల్లో ఉతికి మధ్యాహ్నం ఎండలో ఆరేయండి. వాక్యూమ్ ఉంటే సోఫా సందులు, మంచం కింద, గోడ వారల లాగండి, లాగిన సంచీ అదే రోజు బయట పారేయండి. గూడు కట్టుకున్న ఫ్లీ పిల్లలు వారాలు, ఒక్కోసారి నెలలు లోపలే పడుంటాయి, మనిషి అడుగుల అదురు తగలగానే బయటికొస్తాయి, అందుకే సెలవులకి ఊరెళ్ళి వచ్చిన రోజున ఇంట్లో కాలు పెట్టగానే చీలమండలకి కుట్టేస్తాయి. ఈ లెక్కన కనీసం మూడు నెలలు ఆపకుండా మందు వేయాలి, మొదటి నెల తర్వాత తగ్గిందని ఆపితే మళ్ళీ మొదటికే.

గజ్జి అనుమానం వస్తే ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష ఉంది. కుక్క చెవి అంచుని బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని, చెవి మీద చెవినే మడిచి, ఒకదానికొకటి రాసేలా కొన్ని సెకన్లు రుద్దండి. అదే వైపు వెనక కాలు దానంతటదే గాల్లో గోక్కోవడం మొదలెడితే గజ్జి అయ్యే అవకాశం బాగా ఎక్కువ. ఖాయం అని కాదు గానీ డాక్టర్‌కి చెప్పదగ్గ విషయం. చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూస్తారు కానీ గజ్జి పురుగు చర్మంలో సొరంగం తవ్వుకుని ఉంటుంది, చాలాసార్లు గీకినదాంట్లో దొరకదు, రిపోర్ట్‌లో లేదన్నారని గజ్జి లేదని కాదు, అందుకే అనుమానం గట్టిగా ఉంటే మందేసి చూస్తారు. మనుషులకీ అంటుకుంటుంది, కుక్క గజ్జి పురుగు మన చర్మంలో సంసారం పెట్టలేదు కాబట్టి కుక్కకి తగ్గితే మనకీ తగ్గుతుంది, అయినా దురద ఎక్కువుంటే చర్మం డాక్టర్‌కి చూపించుకోండి. పిల్లకుక్కలకి కళ్ళ చుట్టూ, మూతి మీద బొచ్చు పలచబడి దురద లేకుండా ఉంటే అది వేరే రకం, డెమోడెక్స్, తల్లి దగ్గర పాలు తాగే రోజుల్లోనే వచ్చేది, మనకి అంటదు.

ఇంజన్ ఆయిల్ గురించి ఒక్క మాట. మధురవాడ వైపు కొత్త లేఅవుట్‌లలో, గాజువాక మెకానిక్ షెడ్ల దగ్గర ఒళ్ళంతా నల్ల ఆయిల్ పూసిన వీధికుక్కలు కనపడుతుంటాయి, పాపం పూసినవాళ్ళు మంచి చేద్దామనే పూశారు. వాడేసిన ఆయిల్‌లో లోహాలూ రసాయనాలూ ఉంటాయి, చర్మం కాలుతుంది, కుక్క నాకి కడుపులోకి పోతుంది, ఎండకి ఒళ్ళు ఉడికిపోతుంది. మీ వీధిలో గజ్జి కుక్క ఉంటే దాన్ని పట్టుకుని ఏదీ పూయక్కర్లేదు, డాక్టర్‌ని అడిగి దాని బరువుకి సరిపడే నమిలే మాత్ర ఒకటి మాంసం ముక్కలో పెట్టి పడేస్తే చాలు, నెల తిరిగేసరికి చాలావాటికి బొచ్చు మొలవడం మొదలవుతుంది. నలుగురు కలిసి కొంటే ఖర్చు కూడా ఎవరికీ బరువు కాదు.

కంపు వస్తోందంటే

రెండో మెట్టు ఇన్ఫెక్షన్. ఇది చాలాసార్లు అసలు కారణం కాదు, పురుగో ఎలర్జీయో చర్మాన్ని పాడుచేశాక పైన వచ్చి కూర్చునేది, కానీ దురదలో సగం వాటా దీనిదే ఉంటుంది, దీన్ని తగ్గిస్తేనే కింద ఏముందో తెలుస్తుంది. చీము పొక్కులు, పొక్కు పగిలాక అంచున పొట్టు లేచిన గుండ్రటి మచ్చలు ఉంటే బాక్టీరియా. జిడ్డు, పుల్లటి కంపు, నాకి నాకి తుప్పు రంగుకి తిరిగిన పాదాల బొచ్చు, ముదిరితే ఏనుగు తోలులా నల్లబడ్డ చర్మం ఉంటే ఈస్ట్. మన ఉక్కపోతకి ల్యాబ్‌లూ, గోల్డెన్‌లూ, పగ్‌లూ, షీట్జూలూ దీనికి ముందు వరసలో ఉంటాయి. డాక్టర్ చర్మం మీద సెలోటేప్ అంటించి తీసి రంగేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఏది ఎంతుందో అక్కడికక్కడే తెలిసిపోతుంది, పెద్ద ఖర్చు లేని పరీక్ష, చేయకపోతే చేయమని అడగండి.

దీనికి షాంపూ నిజంగానే మందు. బాక్టీరియాకి క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది, ఈస్ట్ కూడా ఉంటే దానితో మైకొనజోల్ గానీ కీటోకొనజోల్ గానీ కలిసినది, వారానికి రెండుసార్లు, మూడు నాలుగు వారాలు. కిటుకంతా టైమ్‌లో ఉంది. ఒళ్ళంతా చల్లటి నీళ్ళతో తడిపి, షాంపూ ముందు ఎక్కువ దురదున్న చోట్ల పట్టించి, నురగ చర్మం దాకా దిగేలా వేళ్ళతో పట్టించాక 10 నిమిషాలు అలా వదిలేయాలి. మనం రెండు నిమిషాల్లో కడిగేసి షాంపూ వేస్ట్ అంటాం. ఆ పది నిమిషాలు కుక్కని ఆపడం పెద్ద యజ్ఞం, బాత్రూమ్ టైల్స్‌కి కాస్త పెరుగో పీనట్ బటరో రాసి పెడితే అది నాక్కుంటూ నిలబడుతుంది (పీనట్ బటర్‌లో తీపి కోసం కలిపే జైలిటాల్ లేకుండా చూసుకోండి, అది కుక్కకి విషం, కింద చెప్పబోయే తిండి పత్యంలో ఉన్న కుక్కకి ఇవేవీ వద్దు). తర్వాత బాగా కడగాలి, షాంపూ మిగిలితే అదే దురద. బీచ్‌కి దగ్గర ఇళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, చివరి రెండు మగ్గులైనా కుళాయి నీళ్ళు పోయండి.

ఇంక ఆరబెట్టడం, నా లెక్కన స్నానం కంటే ఇదే ముఖ్యం. పైన ఆరినట్టు కనపడుతుంది, లోపలి బొచ్చు ఇంకా చెమ్మగానే ఉంటుంది, ఆ చెమ్మలో ఈస్ట్‌కి పండగ. తువ్వాలుతో అద్ది, వేళ్ళ మధ్య, చెవి కింద, తోక కింద విడిగా తుడిచి, టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చోబెట్టండి, డ్రైయర్ ఉంటే చల్లగాలి మీదే. వానాకాలం వాకింగ్ నుంచి వచ్చినప్పుడల్లా ఇదే పని.

సముద్రంలో ముంచితే గజ్జి పోతుందని మన దగ్గర గట్టి నమ్మకం, ఆదివారం రుషికొండలో చూడండి, కుక్కని అలల్లోకి లాక్కెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కుక్క సరదాకి ఈత కొడితే ఎవరొద్దన్నారు, కానీ ఉప్పునీళ్ళు పుండు మీద మండుతాయి, ఇసుక వేళ్ళ మధ్య ఒరుసుకుంటుంది, ఉప్పు తడి బొచ్చుతో కార్లో ఇంటికొచ్చేసరికి చర్మం నానిపోతుంది. మా పై ఫ్లోర్ వాళ్ళ ల్యాబ్‌కి అలాగే పొద్దున్న బీచ్, సాయంత్రానికి బుగ్గ కింద అరచేయంత ఎర్రటి తడి పుండు, దాన్నే హాట్ స్పాట్ అంటారు, గంటల్లో పెరిగిపోతుంది. అలాంటిది వస్తే చుట్టూ బొచ్చు జాగ్రత్తగా కత్తిరించి గాలి తగలనిచ్చి, పల్చటి క్లోర్‌హెక్సిడిన్‌తోనో సెలైన్‌తోనో తుడిచి, నాక్కోకుండా మెడకి గరాటులాంటి కోన్ కట్టి, మర్నాటికి పెరుగుతుంటే డాక్టర్ దగ్గరికి. ఆయింట్‌మెంట్ దట్టంగా పూసి కట్టు కట్టేయకండి, అది ఆరాలి.

ఎలర్జీ అనే పొడుగు కథ

పురుగులు లేవు, ఇన్ఫెక్షన్ తగ్గింది, అయినా గోక్కుంటోంది అంటే అప్పుడు ఎలర్జీ అనే మాట ఎత్తాలి, ముందే ఎత్తకూడదు. ఇందులో రెండు రకాలు ముఖ్యం, తిండిది, గాలిదీ ధూళిదీ. గాలీ ధూళీ వల్ల వచ్చేది మామూలుగా 6 నెలల నుంచి 3 ఏళ్ళ వయసు మధ్య మొదలవుతుంది. కొన్ని నెలల్లోనే పెరుగుతుంటే పుప్పొడి మీద అనుమానం, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ పూసే వానాకాలమా, హుద్‌హుద్ తుఫాను తర్వాత ఊళ్ళో విరివిగా నాటిన ఏడాకుల చెట్ల పూత వాసనకి మనమే ముక్కు మూసుకునే నవంబరా, నెల రాసిపెట్టుకోండి. ఏడాదంతా ఒకేలా ఉంటే దుమ్ములో ఉండే పురుగులు గానీ తిండి గానీ.

తిండి సంగతి తేల్చడానికి ఒకటే దారి, పత్యం. రక్తపరీక్షలు, బొచ్చు పంపితే ఎలర్జీ చెప్పే కిట్లు, వీటితో తిండి ఎలర్జీ తేలదు, డబ్బులు దండగ. కుక్కల్లో ఎక్కువగా పట్టేవి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. ఇప్పుడు మన ఇళ్ళల్లో కుక్క మెనూ చూడండి, పొద్దున్న పాలు బిస్కెట్, మధ్యాహ్నం చికెన్ కాళ్ళూ అన్నం, రాత్రి పెరుగన్నం, అనుమానితులందరూ ఒకే పళ్ళెంలో ఉన్నారు! పుట్టిన దగ్గర్నుంచి అది ఎప్పుడూ తినని మాంసం ఒకటి, పిండి పదార్థం ఒకటి ఎంచుకోండి. చికెన్ తప్ప ఏదీ తెలియని కుక్కయితే ముళ్ళు తీసి ఉడికించిన చేపా చిలగడదుంపా పెట్టొచ్చు, చేప మనకి దొరకని రోజుందా. ఉప్పు, నూనె, ఉల్లిపాయ ఏమీ లేకుండా. ఇంట్లో వండలేకపోతే హైడ్రొలైజ్డ్ ప్రోటీన్ (ఎలర్జీ రేపనంత చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన ప్రోటీన్) ఉన్న డాక్టర్ ఫుడ్ ఉంటుంది, ఖరీదే. పిల్లకుక్క అయితే ఇంటివంట మీద వారాలు నడిపేముందు డాక్టర్‌ని అడగాలి, కాల్షియం లెక్కలు తప్పుతాయి.

ఈ పత్యం 8 వారాలు. ఎనిమిదంటే ఎనిమిదే. బిస్కెట్ లేదు, చీజ్ లేదు, నమిలే ఎముకలు లేవు, చికెన్ ఫ్లేవర్ ఉన్న టానిక్ లేదు, మాంసం రుచి ఉన్న పురుగు మాత్ర బదులు మెడ మీద చుక్కలు వేయించుకోండి. ఇది చెడేది ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరే, "పాపం నోరెండిపోతోందిరా, ఒక్క ముద్దే కదా" అని నానమ్మ బల్ల కింద నుంచి పెరుగన్నం ముద్ద జార్చేస్తుంది, ఆ ముద్దతో ఆరు వారాల కష్టం పోయింది. ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పండి, పనమ్మాయికీ వాచ్‌మేన్‌కీ కూడా. తగ్గితే అక్కడితో అయిపోలేదు, పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి, రెండు వారాల లోపు దురద తిరిగొస్తే తిండే కారణమని రుజువు. తగ్గిందిగా ఇంకెందుకు కెలకడం అని చాలామంది ఇది చేయరు, అప్పుడు తగ్గింది చేప వల్లో, సీజన్ మారడం వల్లో ఎప్పటికీ తెలీదు.

గాలిదీ ధూళిదీ అయితే పూర్తిగా పోయే జబ్బు కాదు, మన షుగర్‌లాగా అదుపులో పెట్టుకునేదే. బయటినుంచి రాగానే పాదాలూ పొట్టా తడిబట్టతో తుడిచి ఆరబెట్టడం, దాని పక్కబట్టలు వారం వారం వేడినీళ్ళల్లో ఉతకడం, చేపనూనె క్యాప్సూల్ డాక్టర్ చెప్పిన మోతాదులో (గుణం కనపడడానికి నెలా రెండు నెలలు పడుతుంది). మందుల్లో ఒక్లాసిటినిబ్, అపోక్వెల్ పేరుతో తెలిసింది, ఒక్క రోజులోనే దురద లాగేస్తుంది, ఏడాది నిండని కుక్కకి ఇవ్వకూడదు. లోకివెట్‌మాబ్ అనే ఇంజెక్షన్ ఒకసారి వేస్తే 4 నుంచి 8 వారాలు ఉంటుంది. స్టెరాయిడ్ చవక, వేగంగా పనిచేస్తుంది, బాగా ముదిరినప్పుడు కొద్దిరోజులు వాడడంలో తప్పు లేదు. నాకు చిరాకల్లా ఏమిటంటే, ఏమీ చూడకుండా పిర్రకి ఒక ఇంజెక్షన్ పొడిచి పంపేయడం. రెండు వారాలు కుక్క హాయిగా ఉంటుంది, బకెట్ల కొద్దీ నీళ్ళు తాగి ఇల్లంతా పోస్తుంది, తర్వాత దురద రెట్టింపుతో వస్తుంది, మళ్ళీ ఇంజెక్షన్. ఏం వేస్తున్నారు అని అడిగి పేరు పుస్తకంలో రాయించుకోండి, ఆ హక్కు మీకుంది.

నేల తుడిచే ఫినాయిల్ మీద కూడా ఓ కన్నేయండి. బొచ్చు తక్కువుండే పొట్ట కింద, గజ్జల్లో మాత్రమే ఎర్రగా ఉంటే అది పడుకునే నేలే కారణం కావచ్చు, రెండు వారాలు ఉత్త నీళ్ళతో తుడిచి చూడండి.

ఈ రాత్రికి ఏం చేయాలి

డాక్టర్ దొరికేది రేపు, కుక్కకి నిద్ర లేదు, మీకూ లేదు. చల్లటి నీళ్ళతో (ఐస్ నీళ్ళు కాదు) పది నిమిషాలు ఒళ్ళు తడిపితే దురద కాసేపు తగ్గుతుంది. ఓట్స్ మెత్తగా పొడి చేసి ఆ నీళ్ళల్లో కలిపితే ఇంకా నయం. కోన్ లేకపోతే పాత టీషర్ట్ తొడిగేయండి, పాదాలు నాకుతుంటే సాక్స్. ఫ్యాన్ కిందో ఏసీలోనో పడుకోబెట్టండి, వేడికి దురద పెరుగుతుంది. వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్ళు పోస్తే నష్టం లేదు, దాంతో గజ్జి పోతుందని మాత్రం కూర్చోకండి. కొబ్బరినూనె ఇక్కడ వద్దనే చెప్తా, ఈస్ట్ బతికేదే కొవ్వు మీద, ఉక్కపోతలో నూనె పట్టిస్తే దానికి భోజనం పెట్టినట్టే. డెట్టాల్, ఫినాయిల్, టీ ట్రీ ఆయిల్, కర్పూరం ఏవీ ఒంటికి తగలకూడదు. మన మందుల డబ్బాలో ఉన్న దురద క్రీములు కూడా, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపినవి, అది నాకేస్తుంది, పైగా మర్నాడు డాక్టర్‌కి పరీక్షలో ఏమీ దొరకదు. మనం ఎలర్జీకి వేసుకునే సెటిరిజిన్ మాత్ర కొన్ని కుక్కలకి కాస్త పనిచేస్తుంది, చాలావాటికి చేయదు, డాక్టర్‌కి ఫోన్ చేసి బరువు చెప్పి అడిగి ఇవ్వండి, అది కూడా ఉత్త సెటిరిజిన్, జలుబు మాత్రల్లో పారాసెటమాల్ లాంటివి కలిసి ఉంటాయి, అవి ప్రమాదం.

మొహం ఉన్నట్టుండి ఉబ్బిపోయి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే తెల్లారేదాకా ఆగకండి. గోమార్లు పట్టిన కుక్క తిండి మానేసి, జ్వరంతో, చిగుళ్ళు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తుంటే అది దురద కేసు కాదు, ఎర్లికియా, బబేసియా లాంటి టిక్ ఫీవర్ (గోమారి కాటుతో వచ్చే జ్వరం) కావచ్చు, రక్తపరీక్ష ఆ రోజే జరగాలి. తల ఒకవైపు వంచేసి చెవి ముట్టుకోనివ్వకపోతే ఇంట్లో ఏ చుక్కలూ వేయకుండా తీసుకెళ్ళండి, కర్ణభేరి చిల్లు పడి ఉంటే కొన్ని చుక్కలు వినికిడే పోగొడతాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు రెండ్రోజులు షాంపూతో స్నానం చేయించకండి, శుభ్రంగా మెరిసిపోయే కుక్క మీద ఆయనకేం దొరకదు. ఫోన్‌లో ఫోటోలు, గోక్కుంటున్న చిన్న వీడియో, దురద మార్కులు, ఇప్పటిదాకా వాడిన మందుల స్ట్రిప్‌లు అన్నీ ఒక కవర్లో పట్టుకెళ్ళండి. చర్మం గీకి చూడడం, టేప్ పరీక్ష, చెవి గుబిలి పరీక్ష, ఈ మూడూ చేయమని మర్యాదగా అడగండి. యాంటీబయాటిక్ రాస్తే పొక్కులు మాయమయ్యాయని మధ్యలో ఆపకుండా చెప్పిన రోజులన్నీ వాడి, అయిపోవడానికి రెండ్రోజుల ముందే మళ్ళీ చూపించండి. నెలల తరబడి తేలకపోతే విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, మీ డాక్టర్ చేత ఉత్తరం రాయించుకుని, ఆ కవర్ తీసుకుని, కుక్కకి దారిలో నీళ్ళు పెట్టుకుని పొద్దున్నే బయల్దేరండి.